అక్క పంపిన పచ్చ చుక్క

ఆ ఆదివారం పొద్దున మార్కాపురంలో మా ఇంటి వరండాలో కూర్చుని ఇడ్లీ తింటుంటే ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. పంపింది మా అక్క. ఫోటోలో ముప్పావు వంతు ఆమె బొటనవేలే. మిగిలిన పావు వంతులో మట్టిగోడ, ఆ గోడ మీద ఒక పచ్చటి చుక్క. దాని వెనకే ఆమె గొంతు కూడా వచ్చింది.

"ఒరే, ఇదేందో చెప్పు. నువ్వు పురుగుల సారువి గదా."

మా అక్కది పెద్దారవీడు దాటాక కొండల వైపు ఉండే చిన్న ఊరు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఇంట్లో ఆమె, మా బావ, నలభై మేకలు, ఒక గేదె. కూతురికి పెళ్ళయింది. ఆ కూతురే కిందటేడు ఒక మంచి ఫోన్ కొనిచ్చి పోయింది. అప్పటి నుంచి అక్క కంటపడ్డదల్లా ఫోటో తీస్తుంది. పుట్టిన మేకపిల్ల, పగిలిన కుండ, నోరు తెరుచుకుని నిద్రపోతున్న బావ, అన్నీ నా ఫోన్‌లో ఉన్నాయి.

నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. ఇరవై రెండేళ్ళుగా బోర్డు మీద బొద్దింక బొమ్మ గీస్తున్నాను. కళ్ళు మూసుకుని కూడా గీయగలను. ఆ బొద్దింక తప్ప ఇంకో పురుగు ముఖం పరీక్షగా చూసిన పాపాన పోలేదు. ఆ సంగతి మా అక్కకి తెలియదు. అందుకే ఇడ్లీ నములుతూనే ధీమాగా జవాబిచ్చాను.

"ఈగ అక్కా. పేడ మీద వాలే పచ్చ ఈగ."

రెండు నిమిషాలు కాకముందే ఫోన్ మోగింది.

"ఒరే, ఈగ సంగతి నాకు చెప్తాండావా? పొద్దున లేస్తే ఈగల మధ్యనే గదరా నా బతుకు. ఈగ కూచుంటే ముందు కాళ్ళు నలుపుకుంటది. ఇది నలుపుకోదు. మీసాలు కిందికి వంచి గోడని టకటకటక కొడతాంది. లోపల ఎవరన్నా ఉండారా అని తలుపు తట్టినట్టు. ఈగకి అట్లాంటి మీసాలు ఉంటాయంటరా?"

ఉండవు. ఈగకి అంత పొడుగు మీసాలు ఉండవని నాకు తెలుసు. పాఠంలో చెబుతాను కూడా. ఇడ్లీ కంచం పక్కన పెట్టాను.

"ఇంకో ఫోటో పంపక్కా. బొటనవేలు లేకుండా."

ఆ మధ్యాహ్నానికి ముప్పై ఏడు ఫోటోలు వచ్చాయి. అందులో పదకొండు ఉత్త గోడ. ఆరు ఆకాశం. ఒకటి బావ చెవి. నాలుగింటిలో ఒక మేక గడ్డం అడ్డం వచ్చింది. ఒక్క దాంట్లో మాత్రం ఆ పురుగు నిలకడగా దొరికింది. పెద్దది చేసి చూశాను. తల, రొమ్ము నీలం కలిసిన ఆకుపచ్చ. పొట్ట దగ్గరికి వచ్చేసరికి అదే పచ్చ కొంచెం ఊదాగా, కొంచెం రాగి రంగుగా మారుతోంది. ఒళ్ళంతా సన్నసన్నని గుంటలు, కంసాలి పనివాడు కూర్చుని ఒక్కొక్కటీ చెక్కినట్టు. పక్కనే గోడకి ఒక బియ్యపు గింజ అంటించి ఉంది.

"ఆ బియ్యం గింజ ఏందక్కా?"

"నువ్వు ఎంత ఉందని అడుగుతావని నేనే పెట్టినా. అంతే ఉంది అది. గింజ కంటే రవ్వంత పెద్ద."

నేను అడిగేవాణ్ణే కాదు. అడగాలని నాకు తట్టేదే కాదు.

ఫోటో చూపిస్తే పేరు చెప్పే ఆప్ ఒకటి ఫోన్‌లో వేసుకున్నాను. మొదటిసారి అడిగితే పచ్చ ఈగ అంది. సంతోషపడి రెండోసారి అడిగాను. పెంకు పురుగు అంది. ఫోటోని కొంచెం కత్తిరించి మూడోసారి అడిగితే చెవికమ్మ అంది. మా ఆవిడ భుజం మీదుగా తొంగి చూసి, "ఎక్కడ కొన్నారు? ఎవరికి?" అని అడిగింది. పురుగని నమ్మించడానికి ముప్పై ఏడు ఫోటోలూ చూపించాల్సి వచ్చింది. బావ చెవి చూశాక గాని నమ్మలేదు.

సోమవారం కాలేజీలో ఆ ఫోటోని బోటనీ మేడంకి చూపించాను. ఇట్లాంటి ఫోటోలు పెడితే చూసి పేరు చెప్పేవాళ్ళు నెట్‌లో ఒక గుంపుగా ఉన్నారని, తన మొక్కల పేర్లు చాలాసార్లు వాళ్ళే చెప్పారని ఆమె అంది. ఆమె చేతే నా ఫోన్‌లోంచి అందులో పెట్టించాను. సాయంత్రం బస్టాండు దగ్గర టీ తాగుతుంటే జవాబు వచ్చింది. రాసినాయన ఎక్కడో బెంగుళూరు వైపు పురుగుల మీద పనిచేస్తాడట. ఇంగ్లీషులో నాలుగే లైన్లు. ఇది ఈగ కాదు, కందిరీగ. కోకిల కందిరీగలు అనే రకం. కోకిల కాకి గూట్లో గుడ్డు పెట్టినట్టు ఇది వేరే కందిరీగ గూట్లో గుడ్డు పెడుతుంది. ఆ గోడ మీద మట్టిగూడు ఏదైనా ఉందా? పొట్ట చివర, వెనక నుంచి తీసిన ఫోటో కావాలి. అక్కడ అంచున రంపానికి ఉన్నట్టు పళ్ళు ఉంటాయి. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి.

చివర ఇంకో మాట రాశాడు. పక్కన బియ్యపు గింజ పెట్టినవారు ఎవరో గాని మంచి చూపున్న మనిషి అని.

నేను టీ గ్లాసు అక్కడే పెట్టేసి అక్కకి ఫోన్ చేశాను. బస్టాండులో అంత గట్టిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

"అక్కా! కందిరీగ! అది కందిరీగ!"

"కందిరీగా? ఇంత ముద్దుగుందేరా!"

"నీ గోడకి మట్టిగూడు ఉందా?"

"ఉంది. మేకల పాకకి ఆనుకోని ఉన్న గోడకి. నడుం సన్నంగా, పసుపు నలుపుగా పెద్ద కందిరీగ కడతాంది. బోరు కాడ కారే నీళ్ళలో మట్టి ఉండ చేసుకోని ఎత్తకపోతాంది. మీ బావ దాన్ని చూసినప్పటి నుంచి నన్ను బతకనిచ్చేటట్టు లేడు."

"ఎందుకు?"

"ఇంట్లో కందిరీగ గూడు కడితే ఎవరో కడుపుతో ఉన్నట్టంట. నాకేమో అరవై దగ్గరికొచ్చె. పోయి డాక్టర్ కాడ నువ్వే చూపిచ్చుకో అన్నా."

వెనక నుంచి బావ గొంతు వినబడింది. "మేకలు ఏడు సూడితో ఉండాయి. నేను మేకల సంగతి చెప్తే నీ అక్క మీదేసుకుంటాంది బామ్మర్దీ!" తర్వాత నవ్వు. బావ నవ్వితే బీడీ దగ్గుగా మారి, దగ్గు మళ్ళీ నవ్వుగా మారి, ఎప్పటికి ఆగుతుందో చెప్పలేం.

ఆ బెంగుళూరాయన మంచి చూపున్న మనిషి అన్న మాట చదివి వినిపించాను. "మళ్ళా చదువు," అంది. చదివాను. "ఇంగ్లీషులో ఎట్ల రాసినాడో అట్లనే చదువు," అంది. అదీ చదివాను. ఆమెకి ఒక్క ముక్క అర్థం కాదు. అయినా పూర్తిగా విన్నది.

తర్వాతి ఆదివారం దాకా ఆగడం నాకు కష్టమైంది. కాలేజీ ల్యాబ్‌లో అద్దం తలుపు బీరువాలో, దుమ్ము పట్టిన సీసాల వెనక ఒక భూతద్దం ఉంది. రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకున్నాను. ల్యాబ్ అటెండర్ నన్ను ఎగాదిగా చూసి, "నిజంగానే చూడను పోతాండారా సార్?" అని అడిగాడు. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరూ బయటికి తీసుకుపోలేదట.

ఆదివారం పెద్దారవీడు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. నేను దిగేసరికి పదకొండయింది. అక్క గడపలోనే ఉంది. తిన్నావా, బాగున్నావా అని కూడా అడగలేదు. నా చేతిలోని సంచి లాక్కుని, "దా దా, వచ్చే టైం అయింది," అని పెరట్లోకి లాక్కుపోయింది.

గోడ ముందు మూడు ఎరువుల సంచులు పరిచి ఉన్నాయి. సినిమా హాల్లో కుర్చీల్లా. ఒకదాని మీద అప్పటికే బావ కూర్చుని ఉన్నాడు. మేకలు తోలుకుపోవడం ఆ రోజుకి మానేసి తమ్ముడి వరసాయనకి అప్పజెప్పాడట. గోడకి మట్టిగూడు నిజంగానే ఉంది. ఎవరో తడిమట్టి ముద్దని విసిరికొట్టినట్టు ఉంది పైకి. దగ్గరగా చూస్తే నాలుగు గదులు మూసేసి ఉన్నాయి, అయిదోదానికి గుండ్రటి మూతి తెరుచుకుని ఉంది.

కూర్చున్నాం. ఎండ నడినెత్తికి వస్తోంది. పెద్ద కందిరీగ వచ్చింది, పిల్లకి తిండిగా పొట్ట కింద ఒక గొంగళిపురుగుని వేలాడేసుకుని. దాన్ని గూట్లోకి తోసి మళ్ళీ ఎగిరిపోయింది.

"ఇప్పుడు చూడు," అంది అక్క గుసగుసగా.

గోడ మీద ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, పచ్చగా ఒక మెరుపు. నేను ఫోటోలో చూసింది ఏమీ కాదు. ఎండ పడ్డచోట బంగారం, నీడ పడ్డచోట నీలం. అది నడుస్తుంటే రంగులు దాని ఒంటి మీద పరిగెత్తుతున్నాయి. అక్క చెప్పినట్టే మీసాలు వంచి గోడని తట్టుకుంటూ, అటు తిరిగి ఇటు తిరిగి గూటి మూతి దాకా వచ్చింది. లోపలికి తల పెట్టి చూసింది. వెనక్కి తిరిగింది. తోక వైపు నుంచి గూట్లోకి దిగింది.

"ఫోటో! ఫోటో తియ్!" అని నేను అరిచాను.

"యాడ? తల కనబడతాంది, తోక లోపల ఉంది," అంది అక్క.

"అక్కా, అది ఇప్పుడు గుడ్డు పెడుతోంది. పెద్దది కష్టపడి కట్టిన ఇంట్లో. తర్వాత దీని పిల్ల, పెద్దదాని పిల్లకి పెట్టిన తిండి అంతా తినేస్తుంది. ఆ పిల్లని కూడా తినేస్తుందట."

అక్క ఫోన్ దించేసింది. నా వైపు చూసింది.

"అంటే ఇది దొంగదా?"

"దొంగదే."

"వారం నుంచి నేను మురిసిపోతా ఫోటోలు తీస్తాంది దొంగదాన్నా?"

బావ మొదలుపెట్టాడు. నవ్వు, దగ్గు, మళ్ళీ నవ్వు. "సొగసు చూసినప్పుడే నేను అనుకున్యా," అన్నాడు మధ్యలో ఊపిరి తీసుకుంటూ. అది విని నాకూ నవ్వు వచ్చింది. అక్క ఇద్దర్నీ కసిరింది. కసురుతూనే తనూ నవ్వింది. ఏభై దాటిన నేను, అరవై దగ్గర పడ్డ ఆమె, ఇంకా పెద్దాయన బావ, ఎర్రటి ఎండలో ఎరువుల సంచుల మీద కూర్చుని నోళ్ళు మూసుకుని నవ్వుతున్నాం, కందిరీగ బెదురుతుందని.

అప్పుడే పెద్దది తిరిగి వచ్చింది.

మేము ముగ్గురం ఒకేసారి గోడ వైపు వంగాం. పచ్చది అప్పుడే గూట్లోంచి బయటికి వస్తోంది. పెద్దది దాని మీద పడింది. రెండూ గోడ మీద ఒక్క క్షణం పెనుగులాడాయి. పచ్చది చటుక్కున ముడుచుకుంది. తల పొట్ట కిందికి, కాళ్ళు లోపలికి, అంతా కలిసి ఒక ఉండ అయిపోయింది. పెద్దది కరవబోయి, పట్టు దొరకక, దాన్ని గోడ మీది నుంచి కిందికి తోసేసింది. అది నేరుగా అక్క ఒళ్ళో పడింది.

"చచ్చె," అన్నాడు బావ.

"చావలా," అన్నాను నేను, నాకు ఏమీ తెలియకపోయినా. "ముడుచుకుంటే దానికి దెబ్బ తగలదు. అక్కా, కదలొద్దు!"

అక్క కదలలేదు. చీర కుచ్చిళ్ళ మీద పచ్చటి గుండ్రటి పూస. ఆమె చాలా నెమ్మదిగా దాన్ని అరచేతిలోకి దొర్లించుకుంది.

"కుడుతుందేమో," అన్నాను.

"కుట్టనీలే," అంది. అది కుట్టలేదు. ఆ రకానికి కుట్టే సత్తువ లేదని తర్వాత తెలిసింది. కాని ఆ మాట ఆమె అప్పుడు తెలిసి అనలేదు.

"పలక తే!" అంది బావతో. బావ ఆ వయసులో అంత వేగంగా లేవడం నేను చూడలేదు. ఇంట్లోంచి కూతురు చిన్నప్పటి రాతిపలక తెచ్చాడు. మార్కాపురం పలక, చెక్క చట్రం ఒకవైపు ఊడింది. అక్క పురుగుని నల్లటి పలక మీదికి జార్చింది. నేను భూతద్దం పట్టుకున్నాను, అక్క ఫోన్ పట్టుకుంది, బావ మా ఇద్దరి మీద ఎండ పడకుండా తువ్వాలు పట్టుకున్నాడు. ఎండ కావాలని నేను అరిస్తే తువ్వాలు తీశాడు. ఇప్పుడు మరీ తళుక్కుమంటోందని అక్క అరిస్తే మళ్ళీ పట్టుకున్నాడు.

ఉండ మెల్లగా విప్పుకోవడం మొదలైంది. ముందు ఒక మీసం. తర్వాత రెండోది. కాళ్ళు. లేచి నిలబడి, ఒళ్ళు విదిలించి, పలక మీద నాలుగడుగులు వేసింది. సరిగ్గా మాకు వీపు తిప్పి.

"తియ్ తియ్ తియ్!"

అక్క ఫోన్ టిక్కుటిక్కుమంటూనే ఉంది. బావకి సరిగ్గా అప్పుడే దగ్గు వచ్చింది. నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. పచ్చది రెక్కలు ఒకసారి విప్పి, పాక మీదుగా ఎగిరి వెళ్ళిపోయింది.

ముగ్గురం ఫోన్ మీద పడ్డాం. పద్నాలుగు ఫోటోలు. పదమూడు మసక. పద్నాలుగోది మాత్రం కుదిరింది. పొట్ట చివరి అంచు, నీలిరంగులో, దువ్వెనలా పళ్ళు పళ్ళుగా.

"నాలుగు," అన్నాను.

"అయిదు," అన్నాడు బావ.

"మీ ఇద్దరికీ కండ్లు లేవు. ఆరు," అంది అక్క.

భూతద్దాన్ని ఫోన్ మీద పెట్టి చూశాం. నేను అంచుల్లో ఉన్న రెంటినీ వదిలేశాను. బావ ఎందుకు ఒకటి వదిలేశాడో ఆయనకే తెలియదు. అక్క బలపం తీసుకుని పలక మీద ఒక్కొక్క పంటికీ ఒక్కొక్క గీత గీసింది. ఆరు గీతలు. బావ ఒప్పుకోక మళ్ళీ లెక్కపెట్టాడు. మళ్ళీ ఆరే.

ఫోటో అక్కడి నుంచే బెంగుళూరాయనకి పంపాను. సిగ్నల్ అందకపోతే బావ నన్ను గడ్డివామి ఎక్కమన్నాడు. ఎక్కాను. గడ్డివామి మీద నిలబడి, చెయ్యెత్తి ఫోన్ పట్టుకుని నేను, కింద తల ఎత్తి "పోయిందా? పోయిందా?" అంటూ వాళ్ళిద్దరూ. దారిన పోతున్న ఒకాయన ఆగి, "ఏందన్నా, ఏమైంది?" అని బావని అడిగాడు. "కందిరీగ పండ్లు లెక్కపెడతాండాం," అన్నాడు బావ. ఆయన ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

అన్నం తినేటప్పుడు జవాబు వచ్చింది. అక్క చేతిలో గరిటె అలాగే ఉంది. నేను చదువుతూ తెలుగులో చెప్పాను. ఫోటో అద్భుతం. ఆరు పళ్ళు స్పష్టంగా ఉన్నాయి. దీన్ని క్రైసిస్ అంటారు.

"టీవీలో రోజూ అంటారే, ఆ క్రైసిసా?" అన్నాడు బావ.

"అది వేరే బావా. ఇది గ్రీకు మాట. బంగారం అని అర్థం."

"బంగారం," అంది అక్క. ఆ మాట ఆమెకి నచ్చింది. "అదేనా పూర్తి పేరు?"

కాదు. పూర్తి పేరుకి రెండు మాటలు ఉండాలి. మొదటిది మన ఇంటిపేరు లాంటిది, రెండోది దాని సొంత పేరు. ఆ రెండోది ఫోటో చూసి చెప్పలేనని ఆయన రాశాడు. ఇందులో చాలా రకాలు ఉన్నాయట. పురుగే కావాలి. చంపి, సూది గుచ్చి, డబ్బాలో పెట్టి పంపితే చూసి చెబుతాను అన్నాడు.

నేను ఈ చివరి మాట కొంచెం మెల్లగా చదివాను.

అక్క నా కంచంలో పప్పు వేసింది. వేసి, "ఇంటిపేరు తెలిసింది గదా, చాలు," అంది. "నా ఒళ్ళో పడిన దానికి సూది గుచ్చమంటాడా? ఆయనకి మర్యాదగా రాయి, అది ఎగిరిపోయిందని."

"ఎగిరిపోయింది నిజమే గదా," అన్నాడు బావ.

అలాగే రాశాను. ఆయన నవ్వుతున్న బొమ్మ ఒకటి పంపి, గూటిని మాత్రం చెదరగొట్టవద్దని, అందులోంచి ఏవి ఎన్ని బయటికి వస్తాయో చూడమని చెప్పాడు.

అది అక్కకి పని అప్పజెప్పినట్టయింది. పొద్దున పాలు పితికి గోడ దగ్గరికి, అన్నం తిని గోడ దగ్గరికి. రోజూ నాకు గోడ ఫోటో వచ్చేది. వారానికి నేను గోడలోని ప్రతి పగులునీ గుర్తుపట్టేవాణ్ణి. మేకలు ఈనడం మొదలుపెట్టాయి. ఫోటోల్లో మేకపిల్లలు దూరడం మొదలుపెట్టాయి. బావ ప్రతి ఈతకీ ఫోన్ చేసి, "చెప్పినానా లేదా?" అనేవాడు.

నెల దాటాక ఒక గురువారం, రెండో పీరియడ్‌లో ఫోన్ మోగింది. క్లాసులో నేను ఫోన్ ఎత్తను. అక్క పేరు చూసి ఎత్తాను.

"ఒరే, వస్తాంది! ఇప్పటికి పసుపువి మూడొచ్చినాయి గదా, ఇది పచ్చది! చిల్లి చేసుకోని తల బయటపెట్టింది! ఒరే, ఎంత మెరస్తాందిరా! తడితడిగా ఉంది! మీసాలు ఇప్పుతాంది..."

ఆమె గొంతు క్లాసంతా వినబడుతోంది. ముందు బెంచీ పిల్లలు నోట్సు రాయడం ఆపేశారు. నేను స్పీకర్ పెట్టి ఫోన్ బల్ల మీద ఉంచాను. అరవైమంది పిల్లలు, గదిలో చప్పుడు లేదు. పెద్దారవీడు అవతల ఒక మేకల పాక పక్కన ఒక కందిరీగ పుడుతోంది, దాన్ని మా అక్క ఒక్కొక్క కాలూ చెప్పుకుంటూ వస్తోంది.

"వచ్చె! మొత్తం వచ్చె! గోడ మీద నిలబడింది. నన్నే చూస్తాంది. రెక్కలు... ఆఁ, పాయె! పాయెరా, పైకి పాయె!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎందుకో వాళ్ళకి పూర్తిగా తెలియదు. నేనూ కొట్టాను.

"అక్కా, ఫోటో తీసినావా?"

"యాడ తీసేది? నీతో మాట్లాడతా చూస్తాన్యా గదరా," అంది. ఇంకా ఆయాసపడుతూనే ఉంది.